ఇరవై రెండో చీటీ

కవరు పోయిందని తెలిసింది శనివారం ఉదయం తొమ్మిదింటికి. కుస్తీ అదే సాయంత్రం ఆరింటికి.

డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆవిడకు ముప్పై అయిదేళ్ళుంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిసంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని గుమ్మంలోనే నిలబడి, "మీరు పోయినవి వెతికిపెడతారటగా" అంది.

"ముప్పై ఏళ్ళు అదే ఉద్యోగం. రండి" అన్నాడు డిటెక్టివ్.

అది నిజమే. రైళ్ళలో జనం మరిచిపోయిన సామాన్లు దాచే గదికి ఆయన అధికారిగా చేశాడు. ఆ గదిలో టైపు కొట్టిన ఆవిడే ఇప్పుడు ఆయనకు సహాయకురాలు. ఇద్దరూ ఒకే ఏడు రిటైరయ్యారు. ఆయన ఆమెను ఇప్పటికీ "టైపిస్టు గారూ" అనే పిలుస్తాడు. ఎదుటివాళ్ళు చెప్పే పది మాటల్లో అక్కర్లేనట్టు కనబడే ఒక్క మాట దగ్గర ఆయన ఎలా ఆగుతాడో, ఇన్ని కేసులు చూసినా ఆమెకు అంతుపట్టలేదు.

వచ్చినావిడ కుస్తీ హాలు యజమాని కూతురు. అందరూ పెద్దాయన అని పిలిచే ఆ యజమాని మూడు వారాల కిందట పోయాడు.

"మా హాల్లో కుస్తీ అంటే ఆట, సార్. నిజమనుకునేవాళ్ళు అనుకుంటారు, తెలిసినవాళ్ళు తెలియనట్టు ఊరుకుంటారు. ఎవరు గెలవాలో మా నాన్న ముందే చీటీ రాసి, కవరు అంటించి ఇనప్పెట్టెలో పెట్టేవాడు. దాన్ని చదివేది రెఫరీ ఒక్కడే. ఇద్దరూ గోదాలోకి దిగాక, రూల్సు చెప్పే వంకతో ఆ ముక్క వాళ్ళ చెవిన వేసేవాడు. యజమానీ ఆడేవాళ్ళూ కలిసి మాట్లాడుకోకూడదని నాన్న కట్టడి. అటు కబురు ఇటు రావాలన్నా, ఇటు కబురు అటు పోవాలన్నా రెఫరీ నోటినే."

"మరి ఈ ఏడు?"

"నాన్న లేడు కదా. అందుకే సోమవారం అందర్నీ పిలిచి కవరు చూపించాను. ఇది నాన్న ఆఖరి చీటీ, శనివారం మూడింటికి మీ అందరి ముందూ నేనే విప్పుతాను అన్నాను. పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఉన్నది ఒక్కటే తాళంచెవి, అది ఈ సంచిలోంచి కదల్లేదు. ఇవాళ తీస్తే కవరు లేదు."

"చీటీ లేకపోతే ఏమవుతుంది?"

"కిందటేడు జరిగిందే మళ్ళీ జరగాలి. అదీ నాన్న కట్టడే. అంటే కొండ గెలవాలి. ఇరవై రెండోసారి."

కొండ పేరు వినని ఇల్లు లేదు. ఏడాదికొక్క పెద్ద కుస్తీ, ఇరవై ఒక్క ఏళ్ళుగా అతనిదే గెలుపు. ఈసారైనా పడాలనేవాళ్ళు కొందరు, పడితే ఇక ఆ హాలు గడప తొక్కబోమనేవాళ్ళు కొందరు. ఈ తగువుతో మాటలు మానేసుకున్న తోడల్లుళ్ళు కూడా టైపిస్టుకు తెలుసు.

"రికార్డు కాపాడుకోవడానికి కొండే తీశాడని అందరూ అంటున్నారు. నాన్న అయిదేళ్ళుగా అతన్ని చూస్తే ముఖం తిప్పుకునేవాడు. 'వీడు చెబితే వినే రకం కాదు' అనేవాడు. ఎవరు తీశారన్నది నాకు తరవాతి మాట, సార్. నాన్న ఆఖరి మాట ఏమిటో తెలియకుండా కుస్తీ మొదలుపెట్టే గంట నేను కొట్టలేను. హాలు నిండిపోయింది, కొట్టకా తప్పదు."

హాలు వెనక భాగం ఒక ఇరుకు నడవా, దానికి అటూ ఇటూ గదులు. కిటికీలన్నిటికీ పాత పోస్టరు చెక్కలు కొట్టేశారు. నొప్పుల మందు వాసన గోడల్లోకి ఇంకిపోయింది.

పెద్దాయన గదిలో ఇనప్పెట్టె తాళం మీద గీత కూడా లేదు. బీరువా వెనక చుట్టచుట్టిన కాగితాలు కనిపించాయి.

"ఇవేమిటి?" అన్నాడు డిటెక్టివ్.

"గెలిచినవాడి పోస్టర్లు. మర్నాడు తెల్లారేసరికి గోడల మీద ఉండాలని, నాన్న ముందే గుట్టుగా వేయించేవాడు. మిగిలిపోయినవేమో."

టైపిస్టు విప్పి చూసింది. మొత్తం అయిదు. ఒక్కోదానిలో ఒక్కో కుర్ర వస్తాదు చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. కింద సంవత్సరం వేసి ఉంది. గడిచిన అయిదేళ్ళవే. కొండ ఒక్కదానిలోనూ లేడు.

"ఈ ఏడాదిది?"

"వేయించేలోపే పోయాడు."

డిటెక్టివ్ వాటిని జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

కొండ గది అతని ఒంటికి చాలదు. బల్ల మీద కూర్చుంటే మోకాళ్ళు ఎదుటి గోడకు తగులుతున్నాయి. తలుపు చప్పుడుకు తల తిప్పకుండా నడుము నుంచి మొత్తం మనిషే ఇటు తిరిగాడు. పక్కన నిలబడ్డ పాతికేళ్ళ వస్తాదు అతని మేనల్లుడు. ఆ సాయంత్రం ప్రత్యర్థి కూడా అతనే.

"దొంగని చూడ్డానికి వచ్చారా? ఉన్నది ఇంతే, చూసుకోండి" అన్నాడు కొండ.

"తీశారా?"

"తీద్దామనే మంగళవారం వెళ్ళాను. పావుగంట ఆ పెట్టె ముందు కూర్చున్నాను. తాళం ఉంది, పగలగొట్టడం చేతకాదు. మనుషుల్ని పడెయ్యడం తప్ప ఇంకో విద్య నేర్చుకోలేదు."

"తీసి ఏం చేద్దామని?"

కొండ గోడ వైపు తిరిగాడు.

"చెప్పు మామయ్యా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను" అన్నాడు మేనల్లుడు.

"నోరు మూసుకోరా."

"ఇన్నాళ్ళూ మూసుకున్నదానికే ఇక్కడిదాకా వచ్చింది. మెడ ఎముక అరిగిపోయింది సార్. గోదా పైతాడు మీద నుంచి దూకుతాడు చూడండి, పిడుగు అంటారు, అది ఇంకొక్కసారి దూకితే కాళ్ళూ చేతులూ పడిపోతాయని డాక్టరు చెప్పాడు. పిడుగు లేకుండా ఈయన గెలవడం జనం ఇంతవరకూ చూడలేదు. ఇవాళ కింద పడుకుని ఉండేది నేను. మా మామయ్య వచ్చి నామీదే పడాలి."

"పెద్దాయనకు చెప్పలేదా?" అని అడిగింది టైపిస్టు.

కొండ ఇటు తిరిగాడు. "అయిదేళ్ళుగా ప్రతి ఏడూ కబురు పెట్టానమ్మా. మెడ సంగతి చెప్పి, నన్ను ఓడించెయ్యమన్నాను. 'ససేమిరా అన్నాడు' అనే జవాబు వచ్చేది. ఆ మంటతో ఆయన్ని పలకరించడం మానేశాను. చీటీలో మళ్ళీ గెలుపనే ఉంటే చింపేసి ఓటమి అని రాసి పెడదామనుకున్నాను. అదీ సంగతి."

"ఆడకుండా వెళ్ళిపోవచ్చుగా?"

"ఎక్కడికి? పాలవాడి నుంచి పళ్ళ డాక్టరు దాకా అందరూ ఈసారీ నువ్వే అంటారు. పులినెక్కినవాడు దిగితే దాని నోట్లోకే." కొండ మళ్ళీ గోడ వైపు తిరిగాడు. "అయినా ఆయన మాట ఇన్నేళ్ళూ తప్పలేదు. గెలవమంటే దూకాలి."

రెఫరీ గది అద్దంలా ఉంది. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఒక మోకాలు వంగదు.

"చీటీ మీ చేతికి ఎలా వచ్చేది?" అన్నాడు డిటెక్టివ్.

"కుస్తీ నాడు మధ్యాహ్నం పెద్దాయన భోజనానికి ఇంటికెళ్తాడు. ఆ వేళప్పుడు పెట్టెలోంచి తీసుకునేవాణ్ణి. మా ఇద్దర్నీ కలిపి ఎవరూ చూడకూడదుగా. చదివి ఈ గదిలోనే కాల్చేసేవాణ్ణి."

"అయిదేళ్ళుగా ఏం రాసి ఉండేది?"

"ఏముంటుంది, కొండ గెలుపు."

టైపిస్టు గోడ మీది పటం దగ్గరికి వెళ్ళింది. ఒక యువకుడు వెల్లకిలా పడి ఉన్నాడు. మీద కొండ, మీసం కూడా సరిగా రాని కొండ. "కింద ఉన్నది మీరేనా?"

"నేనే" అన్నాడు రెఫరీ, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి. "కొండ మొదటి గెలుపు. ఆ మర్నాటికి నా మోకాలు పోయింది, చొక్కా మార్చి రెఫరీనయ్యాను. ఆ వరసలో మొదటివాణ్ణి నేనేనమ్మా."

బయటికొచ్చాక డిటెక్టివ్, "టైపిస్టు గారూ, ఈ హాల్లో ఎన్ని పటాలు చూశారు?" అన్నాడు.

"ముప్పై దాకా."

"తాము ఓడిన పటం పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది?"

ఆమె ఒక్కొక్క గదీ గుర్తు చేసుకుంది. "ఒక్కరే."

మూడింటికి అందరూ పెద్దాయన గదిలో చేరారు. అయిదుగురికి చాలే గది అది, ఆరుగురు నిలబడ్డారు. అవతల హాల్లోకి జనం అప్పుడే వస్తున్నారు. కుర్చీలు లాగుతున్న చప్పుడు గోడలోంచి వినబడుతోంది.

"చీటీ పోతే కొండ గెలవాలి" అని మొదలుపెట్టాడు డిటెక్టివ్. "కాబట్టి తీసినవాడికి కొండ గెలవడం కావాలి. కొండకి అది అక్కర్లేదు. గెలిస్తే ఆయన మంచాన పడతాడు. మేనల్లుడికీ అక్కర్లేదు. మామయ్యని మంచాన పడేసిన పాపం తనకి చుట్టుకుంటుంది. ఆ సంగతి అలా ఉంచండి. ఈ పోస్టర్లు చూడండి."

అయిదింటినీ బల్ల మీద పరిచాడు.

"పెద్దాయన అయిదేళ్ళుగా కొండని ఓడించమనే రాశాడు. లేకపోతే ఇవి ముందే వేయించడు. కొండ కూడా అయిదేళ్ళుగా ఓడించమనే అడిగాడు. ఇద్దరూ ఒకటే కోరారు. అయినా అయిదేళ్ళూ కొండే గెలిచాడు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. మధ్యలో మాట మోసినవాడు ఒక్కడే."

అందరి కళ్ళూ రెఫరీ వైపు తిరిగాయి. కొండ మాత్రం తిరగలేక ముందుకే చూస్తూ ఉండిపోయాడు.

"అయ్యా, మీరు ఒక మాట జారారు" అన్నాడు డిటెక్టివ్. "పెద్దాయన ఇంటికి వెళ్ళిన వేళ పెట్టెలోంచి కవరు తీసుకునేవాణ్ణన్నారు. ఆయన లేనప్పుడు తాళం ఎవరు తీశారు?"

రెఫరీ జేబులోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. కూతురు సంచిలో ఉన్నదానికి అది అచ్చు జోడు. "ఆయనే ఇచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఎవరికీ చెప్పలేదు."

"ఇన్నేళ్ళూ చీటీ చదివేది మీరొక్కరే కాబట్టి దొంగతనం అవసరం రాలేదు. ఈ ఏడు అందరి ముందూ విప్పుతాననేసరికి మాయం చేయాల్సి వచ్చింది. కాల్చేసేవాణ్ణనడం మాత్రం నేను నమ్మను. ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ పెట్టెలు సర్దినవాణ్ణి. పారెయ్యలేని కాగితాన్ని మనిషి తనకి అన్నిటికన్నా ప్రాణమైనదాని వెనక దాస్తాడు. టైపిస్టు గారూ, ఆ పటం పట్రండి."

పటం వెనక అట్ట ఊడదీస్తే ఆరు కవర్లు పడ్డాయి. అయిదు విప్పినవి. ప్రతి చీటీ మీదా ఒకటే మాట, ఓటమి. ఆరోది అంటించినట్టే ఉంది.

"ఎందుకు, అన్నా?" అన్నాడు కొండ. గొంతులో కోపం లేదు.

"కొండ చేతిలో పడ్డ మొదటివాడంటే బస్సులో లేచి చోటిస్తార్రా" అన్నాడు రెఫరీ. "ఆ వరస నాతో మొదలైంది. అది తెగిందా, నేను ఉత్తి ఓడినవాణ్ణి. ఓడి, కుంటివాణ్ణి."

"నా మెడ సంగతి నీకు చెప్పానుగా."

"చెప్పావు. ఇంకో ఏడు ఆగుతుందిలే అనుకున్నాను. ప్రతి ఏడూ అలాగే అనుకున్నాను." ఆయన కవరు వైపు చూశాడు. "ఇది విప్పలేదు. ఏముంటుందో తెలిసిందేగా."

పెద్దాయన కూతురు కవరు చించింది. చదివింది. ఏమీ అనకుండా కొండ చేతికిచ్చింది. అతను కాగితాన్ని కళ్ళ ఎత్తుకు పట్టుకుని, మెల్లగా కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"చెప్పీ చెప్పీ అలిసిపోయాను. ఈసారి వాడి ఇష్టం."

రెఫరీ గోడకు ఆనుకుని, వంగని కాలు చాపుకుని అలాగే నేల మీదికి జారాడు.

"నా ఇష్టమా" అన్నాడు కొండ.

"నీ ఇష్టం ఏంటి మామయ్యా?"

"ఆగరా. ఎప్పుడూ ఎవరూ అడగలేదు." అతను ఆ కాగితాన్ని రెండు సార్లు మడిచాడు, మళ్ళీ విప్పాడు. అవతల ఎవరో అతని పేరు పెట్టి అరిచారు, పదిమంది అందుకున్నారు. అతను అది పూర్తయ్యేదాకా విన్నాడు. "రెండో రౌండులో పడెయ్. భుజాలు నేలకి ఆనిస్తే చాలు, మెడ జోలికి రాకు."

"ఎత్తి పడెయ్యనా?"

"నన్నా? నీ నడుం విరిగితే మీ అమ్మకి నేను జవాబు చెప్పలేను. తోసెయ్, నేనే పడతాను."

మేనల్లుడు నవ్వబోయి, నవ్వు రాక, ముఖం అటు తిప్పుకున్నాడు.

"జనం కుర్చీలు విరగ్గొడతారు" అన్నాడు రెఫరీ నేల మీద నుంచే.

"విరగ్గొట్టనీ" అంది పెద్దాయన కూతురు. రెఫరీ భుజాన ఉన్న ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపింది. "మూడు లెక్కపెట్టడం నాకూ వచ్చు. మీరు ఇంటికి వెళ్ళండి."

డిటెక్టివ్, టైపిస్టు బయటికి వచ్చేసరికి అయిదున్నర. టిక్కెట్ల కిటికీ దగ్గర ఇద్దరు పెద్దమనుషులు కొండ పడాలా వద్దా అని చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. టైపిస్టు తన గొడుగు లోపలే మరిచిపోయినట్టు గుర్తొచ్చి వెనక్కి వెళ్ళింది.

నడవాలో కొండ, పెద్దాయన కూతురు నిలబడి ఉన్నారు. కొండ ఆమె వైపు మొత్తం తిరిగి మాట్లాడుతున్నాడు.

"మీ నాన్నకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదమ్మా."

"తెలిసింది, బాబాయ్."

"నీకు తెలిసింది. ఆయనకి తెలీదుగా."

టైపిస్టు గొడుగు తీసుకోకుండానే వచ్చేసింది.

ఆ సాయంత్రం రెండో రౌండులో కొండ పడ్డాడు. పడ్డవాడు తన కాళ్ళ మీద తానే లేచి నడిచి వెళ్ళాడు. అయిదేళ్ళపాటు ఆ ఇద్దరూ ఒకటే కోరుకున్నారన్న సంగతి పెద్దాయనకు చెప్పడం మాత్రం మిగిలిపోయింది.