బొంతకి నాలుగో వైపు

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే పల్లెవెలుగు బస్సులో గ్రేసీకి కిటికీ పక్క సీటు దొరికింది. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక సీటు దొరకడమే గొప్ప, అందులోనూ కిటికీ పక్కన! ఆ ఆనందంలో ఒళ్ళో ఉన్న సంచిని పట్టించుకోకుండా ఫోన్లో అక్క మీద విరుచుకుపడుతోంది.

"నా వల్ల కాదు సూసక్కా! అమ్మమ్మ మూడు వైపులూ కుట్టేసి, కళ్ళకి ఆపరేషనని కూర్చుంది. నాలుగో వైపు నా నెత్తిన పడింది. పోనీ ఎవరికైనా ఇద్దామంటే, బొంత నాలుగో వైపు మనింటి చెయ్యే కుట్టాలట, పరాయి చెయ్యి పడకూడదట! నువ్వేమో బాలింతవి, అమ్మకి మెడనొప్పి. ఇంక ఇంటి చెయ్యి అంటే నాదేగా?"

ఈ సంగతి అక్కకి చెబుతున్నాననుకుంటోంది గానీ, బస్సంతటికీ చెబుతోంది. అసలే గ్రేసీ నోట్లో నువ్వుగింజ నానదు. ఫోను చేతికొస్తే ఇంక చెప్పక్కర్లేదు.

"నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పెయ్ వే," అంది అటునుంచి సూసన్. "ఆదివారం బాబుని చర్చికి తీసుకెళ్ళాలి. మా అత్తగారు షాపులో దుప్పటి చూసిపెట్టారు. దాని మీద ఎలుగుబంటి బొమ్మ కూడా ఉందట."

"ఎలుగుబంటా? అమ్మమ్మ వింటే ఏడుస్తుంది!"

ఆ మాట నిజమే. అమ్మమ్మ రత్నమణి కుట్టిన బొంతలో చుట్టకుండా ఆ ఇంట్లో ఏ బిడ్డనీ చర్చికి తీసుకెళ్ళలేదు. ఇంట్లోవాళ్ళ పాత చీరలన్నీ పొరలు పొరలుగా పరిచి కుట్టే బొంత అది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న అమ్మమ్మ, "నువ్వు కుడతావా తల్లీ?" అని అడిగినప్పుడు గ్రేసీ మాటిచ్చేసింది. మాటైతే ఇచ్చింది గానీ, సూది మాత్రం ఆమె మాట వినడం లేదు.

"ఏవండీ," అన్నారెవరో పక్కనుంచి. "బస్సులో పోపు పెడుతున్నారా? నూనె కూడా తెచ్చారా, ఆవాలొక్కటేనా?"

గ్రేసీ ఉలిక్కిపడి చూసింది. సంచి అడుగు నుంచి ఆవాలు జలజలా రాలుతున్నాయి. రాడ్డు పట్టుకుని నిలబడ్డ ఓ కుర్రాడి చెప్పుల్లోకి, అక్కణ్ణుంచి వెనక సీట్ల కిందకి పరుగులు తీస్తున్నాయి. టిక్కెట్లు కొడుతున్న కండక్టరు జారి, పడబోయి, "ఎవరమ్మా అది!" అని అరిచాడు.

బాబు తల గుండ్రంగా రావాలని స్వయంగా కుట్టిన ఆవాల దిండు! జీవితంలో ఆమె కుట్టిన మొట్టమొదటి వస్తువు, ఓ పక్కంతా నోరు తెరిచేసింది.

"ఎవరు కుట్టారండీ దీన్ని?" అన్నాడు కుర్రాడు.

"టైలరు," అంది గ్రేసీ, చూపు తిప్పుకుని.

"ఏ ఊరి టైలరో చెప్పండి. దూరం నుంచే ఓ దండం పెట్టుకుంటా."

గ్రేసీకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏదో అనబోయింది. ఈలోగా అతను దిండు తీసుకుని, కాలరు వెనక దారంతో సహా గుచ్చుకున్న సూది లాగి, రాడ్డుకి భుజం ఆనించి, ఊగే బస్సులో నిలబడే కుట్టేశాడు. చిల్లకల్లు వచ్చేసరికి దిండు నోరు మూసుకుంది. కుట్టు చీమలబారులా ఉంది. అది చూశాక ఆమె కోపం ఇంకాస్త పెరిగింది.

"మీరు టైలరా?"

"పరుపులు కుడతామండి. పేటలో ఏలీయా పరుపుల షాపు మాదే. నా పేరు స్టీవెన్."

"పేరు నేనడగలేదే."

"చెప్పడం నా మర్యాద కదండీ," అని ఆ మర్యాదస్థుడు చెప్పులు విప్పి ఆవాలు దులుపుకున్నాడు.

గ్రేసీ పేటలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. బోర్డు మీద స్కేలు లేకుండా గీత గీస్తే ఇంజినీరు కూడా వంక పెట్టలేడు. అదే చెయ్యి సూది పట్టుకుంటే మాత్రం గీత తాగినవాడి నడకలా పోతుంది. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో సంచిలోంచి బొంత తీసి, పళ్ళు బిగబట్టి జానెడు కుట్టింది. గంట మోగింది. క్లాసుకని లేచింది. బొంత కూడా లేచింది!

చున్నీని, బొంతని కలిపి కుట్టేసింది మహాతల్లి.

తోటి టీచరు రాజ్యశ్రీ పొట్ట పట్టుకుని నవ్వింది. "పెళ్ళిలో కొంగుముడి చూశాగానీ, బొంతతో కొంగుముడి ఇదే చూడ్డం. వరుడెవరమ్మా?"

కత్తెర వేద్దామంటే అమ్మమ్మ పాత నీలం చీర చిరుగుతుందని భయం. బొంతని చంటిపిల్లలా ఎత్తుకుని, ఇష్టం లేకపోయినా, సాయంత్రం పరుపుల షాపు మెట్లెక్కింది.

స్టీవెన్ చూశాడు. పెదవులు బిగించాడు. అయినా నవ్వు ఆగలేదు.

"నవ్వితే వెళ్ళిపోతా," అంది గ్రేసీ.

"వెళ్ళండి టీచరు గారూ. బొంత కూడా మీతోనే వస్తుందిగా!"

లోపల దూది ఏకుతున్న అతని తండ్రి ఏలీయా, "ఆ అమ్మాయిని ఏడిపించకరా, టీ తెప్పించు," అని కేకేశాడు. స్టీవెన్ స్టూలు వేసి, సూది మొనతో ఒక్కో కుట్టూ లేపడం మొదలుపెట్టాడు. చున్నీ కదలకుండా గ్రేసీ ఊపిరి బిగబట్టి కూర్చుంది. అతని తల దగ్గరగా వంగి ఉంది. జుట్టులో దూది పింజ ఇరుక్కుని ఉంది. తీసేద్దామా అనిపించి, ఛీ నాకెందుకు అనుకుంది.

"ఇవన్నీ ఎవరి చీరలండీ?"

"ఈ నీలంది అమ్మమ్మది, పెళ్ళయిన కొత్తలోది. చుక్కలది అమ్మది. ఇది సూసక్క ఓణీ. ఈ గులాబీ రంగుది... నాది. ఉద్యోగంలో చేరిన రోజు కట్టుకున్నా. అందరం కొంచెం కొంచెం ఉంటామని అమ్మమ్మ అంటుంది. బాబుకి చలేసినా, నిద్రొచ్చినా."

స్టీవెన్ నవ్వడం మానేశాడు. ఆ గులాబీ రంగు మీద అతని వేలు ఓ క్షణం ఆగింది.

"కుట్టి ఇవ్వను," అన్నాడు. "నేర్పిస్తా. రోజూ సాయంత్రం రండి."

ఆ వారమంతా గ్రేసీ స్కూలు వదలగానే అక్కడికే. "సూదిని సుద్దముక్కలా పట్టుకోకండి," అనేవాడతను. "మీ పిల్లలు ఇలాగే నేర్చుకుంటారా?" అంటే, "మా పిల్లలు టీచర్ని ఎదిరించరు," అనేది. "నేనూ ఎదిరించను టీచరు గారూ, వేలు మాత్రం అడ్డం పెట్టకండి," అనేవాడు. అన్నంతసేపు పట్టలేదు, చురుక్కున గుచ్చుకుంది. "నొప్పా?" అని అతను గాభరాపడితే, లేదని తలూపింది గానీ, ఆ గాభరా ఆమెకి భలే నచ్చింది.

శుక్రవారం సాయంత్రం వాన దంచికొట్టింది. నాలుగో వైపు ఇంకా సగం మిగిలే ఉంది. సూసన్ ఫోను చేస్తే మాట వినపడక గ్రేసీ వరండాలోకి వెళ్ళింది. ఎలుగుబంటి దుప్పటి కొనేశారట, ఎందుకైనా మంచిదని! అక్కతో పోట్లాడి వెనక్కి తిరిగింది.

లోపల స్టీవెన్ ఆమె వదిలిన చోటు నుంచి కుడుతున్నాడు.

పరాయి చెయ్యి! 'ఆగండి' అనాలి. ఒక్క మాట చాలు. గ్రేసీ గుమ్మం పట్టుకుని నిలబడింది. వాన జల్లు వీపు తడిపేస్తోంది. అతను తల వంచుకుని ఎంత శ్రద్ధగా కుడుతున్నాడంటే, ఆ బొంత తన ఇంటి బిడ్డకే అన్నట్టు. ఆమె నోరు పెగల్లేదు. చివరి ముడి వేసి, దారం పంటితో కొరికేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది.

"అయిపోయింది," అన్నాడు. "బస్సు టైమవుతోందిగా, నేనే కానిచ్చేశా. ఇంక మీరు ఇటు రారేమో."

"పనయిపోయాక ఎందుకొస్తా?" అంది చటుక్కున. ఆ మాటకి అతని మొహం చిన్నబోయింది. ఇంటికెళ్ళేదాకా బస్సులో గ్రేసీ తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

శనివారం పొద్దున్న అమ్మమ్మ బొంతని ఒళ్ళో పరుచుకుని, అంచు వెంబడి వేలు నడిపింది. అమ్మమ్మకి కళ్ళు కనిపించవుగా, ఏం తెలుస్తుందిలే అని గ్రేసీ ధీమా.

"ఈ మూడూ నావి," అంది అమ్మమ్మ. వేలు నాలుగో వైపు తిరిగింది. "ఇది నీది. కోడి కెలికినట్టుంది, ఫర్లేదు. మరి ఇక్కణ్ణుంచి ఎవరిదే?"

"నాదే! మధ్యలో పని వచ్చేసింది."

"సంతోషం. ఇదిగో సూది, ఇదిగో గుడ్డ. ఇంకో రెండు కుట్లు వెయ్యి, చూద్దాం."

గ్రేసీ సూది వంక చూసింది. సూది గ్రేసీ వంక చూసింది. ఆ తర్వాత ఆవాల దగ్గర్నుంచి దూది పింజ దాకా అంతా కక్కేసింది. గుమ్మంలో తడుస్తూ నిలబడ్డ సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు.

"అయితే విప్పెయ్," అని అమ్మమ్మ కత్తెర అందించింది. "రేపటిలోగా నువ్వే మళ్ళీ కుట్టు. వంకరైతే కానీలే, ఇంటి చెయ్యి కావాలి."

గ్రేసీ కత్తెర తీసుకుంది. మొదటి కుట్టు కింద మొన పెట్టింది. చెయ్యి కదల్లేదు. గాభరాపడ్డ ఆ మొహం, చిన్నబోయిన ఆ మొహం, రెండూ కళ్ళ ముందు నిలిచాయి. అతనంటే తనకి ఇష్టం. చాలా ఇష్టం. ఆ సంగతి కత్తెర పట్టుకున్నాక గానీ తెలియలేదు ఈ లెక్కల టీచరుకి.

"విప్పను," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

అమ్మమ్మ మొహంలో చిరునవ్వు నల్లకళ్ళద్దాల కింద నుంచి కూడా కనిపించింది. "విప్పనంటే ఎట్లాగే? అయితే ఆ అబ్బాయిని రేపు చర్చికి రమ్మను."

గ్రేసీ ఫోను చేసింది. "అమ్మమ్మ రమ్మంటోంది."

"అమ్మమ్మ గారేనా?" అన్నాడు స్టీవెన్.

"నేను కూడా," అని ఠక్కున పెట్టేసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, బాబు బొంతలో చుట్టుకుని, ఆవాల దిండు మీద హాయిగా నిద్రపోతున్నాడు. ఎలుగుబంటి దుప్పటి సంచిలోంచి బయటికి రానేలేదు. ఇస్త్రీ చొక్కాలో స్టీవెన్ వచ్చి, "వందనాలండీ అమ్మమ్మ గారూ," అన్నాడు.

అమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుని, వేలి కొసలు తడిమి చూసింది. "ఈ చెయ్యేనన్నమాట. చూడబ్బాయ్, నాలుగో వైపు పరాయివాళ్ళు కుట్టకూడదు మా ఇంట్లో. తెలియక కుట్టావు, నీ తప్పేం లేదులే. విప్పించేస్తా. నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

గ్రేసీ బొంత అంచు గట్టిగా పట్టుకుంది. సరేనండి అనేస్తాడేమో. తను అన్న మాటకి అలిగి వెళ్ళిపోతాడేమో.

"తెలియక కాదండీ," అన్నాడు స్టీవెన్. "తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"మీ మనవరాలే. ఆ రోజు బస్సులో ఫోన్లో చెప్పారు. నాకూ, కండక్టరుకీ, డ్రైవరుకీ కూడా తెలుసు."

"అయితే తెలిసి కూడా కుట్టావా?"

"తెలుసు కాబట్టే కుట్టానండి."

సూసన్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్రేసీ చెవులు ఎర్రబడ్డాయి. "అంటే అంతా తెలిసి, ఏమీ తెలియనట్టు... అసలు మీరు..." అని విరుచుకుపడబోయింది.

"నా సంగతి సరే టీచరు గారూ," అన్నాడు స్టీవెన్, గొంతు తగ్గించి. "గుమ్మంలో వానలో నిలబడి చివరి ముడి దాకా చూశారు. మీరు ఆగమంటే ఆగిపోదామనే మెల్లగా కుట్టా. మరి ఎందుకు ఆపలేదు?"

గ్రేసీ నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. ఏ సంగతీ దాచుకోలేని పిల్ల, అమ్మమ్మకి కూడా చెప్పకుండా దాచుకున్న ఒకే ఒక్క సంగతి అది. తల వంచుకుని, బాబు బొంత అంచు సర్దుతూ నవ్వుకుంది.

అమ్మమ్మ ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నది. విని, స్టీవెన్ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"దీని నోరు కట్టేసినవాడివి, నువ్వు పరాయివాడివి ఎట్లా అవుతావురా? మీ నాన్నని ఎప్పుడు తీసుకొస్తావు?"

"బయటే ఉన్నారండి," అన్నాడు స్టీవెన్. "బాబుకి చిన్న పరుపు కుట్టి తెచ్చారు. నాలుగో వైపు కుట్టకుండా వదిలేశారు. కోడలు కుడుతుందని."