తాత లేని మనవడు

సీక్రెట్ సర్వీస్ బాస్ గది తలుపు గడియపెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"రేపు పొద్దున యుద్ధస్మారకం దగ్గర అమరవీరుల మనవళ్లకి సేనాధిపతి గారి సన్మానం. శత్రువులు వారసులు లేని సైనికుడి సర్వీస్ రికార్డు వెతుకుతున్నారు. ఆ సైనికుడి మనవడినంటూ తమ మనిషిని వరుసలో నిలబెడతారు. కరచాలనం చేయగానే సేనాధిపతి ఫినిష్. నువ్వు రికార్డుల ఆఫీసులో మాటు వెయ్యి. మన ఏజెంట్ నెమలి ఓ సిపాయి మనవరాలి వేషంలో అక్కడే ఉంది. తోడుగా నీ తోడల్లుడు వస్తాడు."

ఆఖరి మాటకు ఏజెంట్ మిడత కడుపు భగ్గుమంది. తోడల్లుడి తాత పతకం గెలిచిన కెప్టెన్. అత్తగారింట్లో ఆ పతకం ఫోటోకున్న మర్యాద బతికున్న మిడతకు లేదు. మిడత తాత అదే పటాలంలో వంటవాడు. మామూలు వంటవాడా! ఫిరంగి గుండు వచ్చి చారులో పడితే గరిటెతో తీసి అవతల పారేసి, ఉప్పు సరిపోయిందో లేదో చూసిన మనిషి. అయినా అడిగేవాళ్లేరి?

పెట్టుడు గడ్డం, కెమెరా దాచిన కళ్లజోడుతో మిడత రికార్డుల ఆఫీసులో కూర్చున్నాడు. అక్కడికొచ్చిన మనవళ్లలో ఎవరి తాత ఫైలు వారిది, ఎవరి గొప్ప వారిది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినరు, తమ వంతు కోసం ఊపిరి బిగబట్టుకుంటారు. నెమలి మాత్రం గుప్పుమనే సెంటుతో వచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తోడల్లుడి పతకం కథ సాంతం విన్నది. తర్వాత పక్క బల్లమీది ముసలాయన కథ. ఆ తర్వాత ఇంకొకరిది. మిడత వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

సాయంత్రానికి ఆ కుళ్లులోంచే మిడతకు బుర్ర వెలిగింది.

"అన్నయ్యా, అది డబుల్ ఏజెంట్. సొంత తాత ఊసే ఎత్తకుండా రోజంతా పరాయి తాతల కథలు వినే మనవరాలుంటుందా? ఎవరికి వారసులు లేరో కూపీ లాగుతోంది."

తోడల్లుడు నవ్వాడు. "నీది ఒట్టి ఏడుపు, తమ్ముడూ. మా తాత కథ అలాంటిది మరి."

మర్నాడు స్మారకం దగ్గర మనవళ్లు వరుసగా నిలబడ్డారు. సేనాధిపతి అటు చివర మొదలుపెట్టగానే, ఫోటోగ్రాఫర్ వేషంలో మిడత ఇటు చివర నుంచి తన తాత గుండు కథ ఎత్తుకున్నాడు. మొదటివాడు సగంలోనే నోరు మూయించి తన తాత గుర్రం గురించి చెప్పాడు. పక్కవాడు గరిటె దాకా కూడా రానివ్వలేదు. మూడోవాడు తల వాల్చి శ్రద్ధగా విని, "తర్వాత ఏమైందండీ?" అన్నాడు.

అప్పటికే సేనాధిపతి అతని ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

మిడత ఒక్క దూకు దూకి ఆ మనవడి మణికట్టు మెలితిప్పాడు. ఉంగరంలోంచి విషపు సూది బయటపడింది. గేటు దగ్గర పారిపోబోతున్న నెమలికి బేడీలు వేసింది తోడల్లుడే. తన కథ అంత ఇదిగా విన్నది ఇందుకా అని అతని మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహం చూశాక గానీ మిడత కడుపు చల్లబడలేదు.

సేనాధిపతి మిడత భుజం తట్టి, మీ తాతగారూ సైన్యంలోనేనా అని అడిగాడు. మిడత ఛాతీ పొంగింది.

"వంటవాడండి. ఒకసారి ఫిరంగి గుండొచ్చి..."

"ఒక్కటేనా? మా తాతైతే..." అంటూ సేనాధిపతి అందుకున్నాడు.

మిడత నిట్టూర్చి, వైర్‌లెస్‌లో బాస్‌కు రిపోర్ట్ పంపాడు: "సేనాధిపతి క్షేమం. ఒరిజినలే."