పోల్వి ఏతం బావి దగ్గర నాలుగు నిమిషాలు

మా ఊరి చివర పోల్వి వాళ్ళ పాడుబడ్డ ఇల్లుంది. దాని వెనక ఒక ఏతం బావి. అడవిలో పళ్ళు ఏరుకునేవాళ్ళు కూడా అటు పోరు. మోకాలి లోతు బురదలో దిగబడైనా సరే, చుట్టూ తిరిగి వెళ్తారు గానీ... అటు మాత్రం పోరు.

ఎందుకంటే, నడివేసవి పండగ రాత్రి సరిగ్గా పన్నెండు గంటలకి పెళ్ళికాని పిల్ల బావిలోకి తొంగిచూస్తే కాబోయే మొగుడి ముఖం కనబడుతుందంటారు మా దగ్గర. మా ముత్తవ్వల కాలంలో పోల్వి వాళ్ళమ్మాయి అలాగే చూసిందట. ఆమెకి తన ముఖం ఒక్కటే కనబడింది. తెల్లారేసరికి ఆమె లేదు. బావిలో వెతికారు, అడవిలో వెతికారు... లేదు.

అప్పట్నుంచీ ఆ రాత్రి అక్కడికి ఎవరు వెళ్ళినా, వాళ్ళ వెనక ఒకతె వచ్చి నిలబడుతుందంటారు. పలకరిస్తే పలకదు. ఊరికే నిలబడుతుంది.

పైగా భూమికి ఉత్తర కొసన ఉన్నాం కనుక, ఆ రోజుల్లో మాకు సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడా ఎండే. చీకట్లో ఏదో కనబడితే చెట్టో పుట్టో అని మనసుకి సర్దిచెప్పుకోవచ్చు. ఎండలో నిలబడితే ఏం చెప్పుకుంటాం?

ఇక రైమో సంగతి. నలభై ఏళ్ళు మంచులో కరెంటు స్తంభాలెక్కి రిటైరైనవాడు. దేనికీ భయపడడు, ఒక్క సిర్కాకి తప్ప. సిర్కా ఊరూరా పుస్తకాలు తిప్పే లైబ్రరీ బండి నడుపుతుంది. ప్రతి గురువారం బండి నా కొట్టు ముందు ఆపి, లోపల బల్ల దగ్గర కాఫీ తాగుతుంది. ఎదురుగా రైమో. ఆమె మాట్లాడుతుంది, అతను తల ఊపుతాడు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఆమె కోసమే వస్తాడని ఊరంతటికీ తెలుసు. ఆమెకీ తెలుసు. నోరు విప్పనిది అతనొక్కడే.

ఈ ఏడాది మే నెలలో తెలిసింది, ఆగస్టులో రైమో ఇల్లు ఖాళీ చేసి తుర్కులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నాడని. అక్కడెక్కడో దక్షిణాన, రోజంతా రైల్లో కూర్చుంటే గానీ రాదు ఆ ఊరు.

"వెళ్ళిపోతున్నావటగా?" అంది సిర్కా, కప్పులోకి చూస్తూ.

"ఊఁ" అన్నాడు రైమో.

అంతే! ఆ కాఫీ కూజా అతని నెత్తిన వంచుదామనిపించింది నాకు. ఈ వేసవి దాటితే ఇక ఈ ఇద్దరి కథ ముగిసినట్టే.

రైమోకి నోరొచ్చేది ఒక్క కెమెరా విషయంలోనే. జూన్ మొదట్లో ఒక నల్ల గాజుబిళ్ళ తెప్పించాడు, లెన్సు ముందు బిగించేది. దాంతో మన కంటికి ఆనని వెలుగులో ఫోటో తీస్తాడట. చెట్లన్నీ తెల్లగా, ఆకాశం నల్లగా పడుతుందట. అలాంటి ఫోటోల కోసం కొందరు కెమెరా విప్పించి, ఆ వెలుగుని ఆపే లోపలి గాజు తీయించేస్తారు. ఇతను ససేమిరా అన్నాడు. పన్నెండేళ్ళుగా తనతో ఉన్న కెమెరా కడుపు కోయనన్నాడు. లోపలి గాజునీ బయటి గాజునీ దాటి ఏ కాస్త వెలుగు జారినా చాలు, కాకపోతే ఒక్కో ఫోటోకి నాలుగు నిమిషాలు కెమెరా కదలకుండా ఉండాలి.

ఆ నాలుగు నిమిషాల్లో ఎవరైనా అడ్డొస్తేనో అని నేనడిగాను. నడిచిపోతే అసలు పడరన్నాడు. సగంసేపు నిలబడితే సగమే పడతారట, వాళ్ళ గుండా వెనకున్న గడ్డి కనబడుతుందట. అందుకే ఎవరూ రాని చోటు చూసుకున్నాడు—పోల్వి బావి. ఎవరూ రాని రోజు చూసుకున్నాడు—పండగ రాత్రి. సిర్కా అంతా విని కప్పు పక్కన పెట్టింది. పండక్కి కెమి పట్నంలో అక్క దగ్గరికి వెళ్తున్నానని చెప్పి లేచింది.

పండగ రాత్రి ఊరంతా చెరువు గట్టున భోగిమంటంత మంట వేసుకుని పాటలు పాడుతోంది. రైమో ఒక్కడే బావి దగ్గర. మూడు కాళ్ళ స్టాండు పాతాడు. నల్ల గాజు బిగిస్తే ఏమీ కనబడదు కనుక ముందే బావిని గురి చూసుకుని, లెన్సు కదలకుండా టేపు అంటించి, అప్పుడు గాజు బిగించాడు. మీట నొక్కాడు. దోమలు తరుముతుంటే పొగ వేసుకున్న చోటికి, ఇంటి మూల వెనక్కి వెళ్ళాడు.

తీయడానికి నాలుగు నిమిషాలు. తీసింది చూపించడానికి ఆ కెమెరా మరో నాలుగు నిమిషాలు తీసుకుంటుంది.

మొదటి ఫోటో... సరిగ్గా బావి మీద తెల్లటి గుండ్రటి వెలుగు.

ఇంకొకరైతే అక్కణ్ణుంచే పరుగు. రైమో నవ్వుకున్నాడు. నల్ల గాజు పెడితే కొన్ని లెన్సులకి నడిమధ్యలో అలాంటి మచ్చ పడుతుంది. లెన్సు మార్చి, మళ్ళీ నొక్కి, మళ్ళీ మూల వెనక్కి వెళ్ళాడు.

రెండో ఫోటో. ఆకాశం నల్లగా. గడ్డి మంచు కురిసినంత తెల్లగా. ఏతం పక్కన... ఒక ఆడమనిషి. తెల్లటి బట్టలు. ఆమె గుండా గడ్డి పరకలు కనబడుతున్నాయి.

ఎవరో రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయారు, అంతే—అని తనకి తనే చెప్పుకున్నాడు. లెక్క సరిపోయింది. మరి ఎవరు? ఊరంతా చెరువు దగ్గర ఉంటే... ఎవరు?

సామాను సర్దేద్దామని గాజు తిప్పబోయాడు. మర పట్టేసింది. ఎందుకో తలెత్తాడు.

బావి దగ్గర నిలబడి ఉంది.

అటు తిరిగి ఉంది. జుట్టు విరబోసుకుంది. ఫోటోలో తెల్లగా ఉన్న బట్టలు... ఇప్పుడు ముదురు రంగులో ఉన్నాయి. మెల్లగా బావిలోకి వంగుతోంది.

"ఎవరది?" అన్నాడు.

పలకలేదు.

"ఎవరమ్మా నువ్వు?"

పలకలేదు... తిరగనూ లేదు.

ముందుకి అడుగు పడదు. వెనక్కీ పడదు. అలా ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలీదు. అప్పుడు—వీపు మీద, రెండు భుజాల మధ్య—ఒక అరచెయ్యి. తోసింది. గట్టిగా కాదు. ఫోటోకి సిగ్గుపడే పిల్లాణ్ణి ముందు వరసలోకి తోసినట్టు.

తూలుకుంటూ నాలుగడుగులు వేసి బావి అంచు పట్టుకున్నాడు. కింద నీళ్ళలో రెండు ముఖాలు. నోరు తెరుచుకున్నది తనది. రెండోది... సిర్కాది.

"నువ్వా! నువ్వు కెమిలో కదా ఉండాలి!"

సిర్కా పెదాల మీద వేలు పెట్టుకుంది. రెండో చేతిలో ఏడు రకాల పువ్వులున్నాయి. అప్పుడర్థమైంది మహానుభావుడికి. ఆ రాత్రి ఏడు పువ్వులు దిండు కింద పెట్టుకుంటే కాబోయే మొగుడు కలలోకొస్తాడు, కాకపోతే పువ్వులు కోసినప్పట్నుంచి పడుకుని లేచేదాకా ఒక్క మాట ఆడకూడదు. ఆడితే అంతా వ్యర్థం. మా ఆడపిల్లలందరికీ తెలిసిందే. మగవాళ్ళే మర్చిపోయి, ఇలా మౌనంగా నిలబడ్డదాన్ని దెయ్యమనుకుని చస్తుంటారు. యాభై తొమ్మిదేళ్ళావిడ ఈ పని చేస్తుందని అతనెలా ఊహిస్తాడు లెండి.

ఇప్పుడు చూడాలి అవస్థ. పదకొండేళ్ళుగా మాటలన్నీ ఆమెవే. ఇవాళ ఆమె నోరు విప్పదు. అతని వైపే చూస్తోంది. తప్పించుకోవడానికి తల ఊపుదామంటే, అటునుంచి మాటేదీ?

"నీ నీలం స్వెట్టరు... ఫోటోలో తెల్లగా పడింది. ఈ గాజుతో కొన్ని రంగులంతే" అన్నాడు.

చూస్తోంది.

"లెన్సు మార్చాను" అన్నాడు.

చూస్తూనే ఉంది.

"తుర్కులో..." అని ఆగిపోయాడు. మెడ మీద దోమని కొట్టుకున్నాడు. "తుర్కులో గురువారాలు ఏం చెయ్యాలో నాకు తెలీదు, సిర్కా."

ఆ ఒక్క ముక్క బయటికొచ్చాక ఇక ఆగలేదు. వెళ్ళాలని లేదన్నాడు. ఒక్కడూ ఉండలేకే తమ్ముడికి సరేనన్నానన్నాడు. ఆమె బండి చప్పుడు మలుపులోనే గుర్తుపడతానన్నాడు. చివరికి, "నాతో ఉండిపోతావా?" అని అడిగేశాడు.

ఆమె జవాబివ్వలేదు. ఇవ్వకూడదు కదా! కనీసం తలైనా ఊపమని బతిమాలాడు. అదీ లేదు. పువ్వులు గుండెలకి హత్తుకుని గిరుక్కున తిరిగి ఇంటికి వెళ్ళి, తలుపేసుకుని పడుకుంది. కెమెరాని బావి దగ్గరే వదిలేసి, రైమో ఆమె మెట్ల మీద తెల్లవార్లూ దోమలకి విందవుతూ కూర్చున్నాడు.

ఏడున్నరకి తలుపు తెరుచుకుంది.

"ఉంటాను. ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి రానని చెప్పు. కాఫీ ఆ తర్వాతే" అంది.

ఇదంతా నాకెలా తెలుసంటారా? ఒప్పేసుకుంటాను. సిర్కా కెమికి వెళ్ళనేలేదు, లైబ్రరీ బండి నా గోడౌన్లో దాచాం. ముఖం దానంతటదే నీళ్ళలోకి రాదు, మనమే రప్పించాలని చెప్పింది నేనే. అంత చెప్పినదాన్ని చూడకుండా ఉండగలనా? కట్టెల షెడ్డు వెనక, చేతిలో వేయించిన సాసేజీతో, అంతసేపూ అక్కడే ఉన్నాను.

సెప్టెంబరులో పెళ్ళయింది. కాఫీల వేళ సిర్కా నన్ను పక్కకి లాగి కావలించుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"అన్నీ ఒక ఎత్తు, ఆ తోపు ఒక ఎత్తు. మనం అనుకున్న దాంట్లో అది లేదు కదా, ఐలా, ఎలా తట్టింది నీకు? నువ్వు తొయ్యకపోతే ఆయన ఇప్పటికీ అక్కడే నిలబడి ఉండేవాడు."

"ఎవరో ఒకరు తొయ్యాలి కదా" అని కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాను. పెళ్ళిరోజున ఇంకేం చెప్పను?

ఆ షెడ్డు నుంచి బావికి అరవై అడుగులుంటుంది. నేను అక్కణ్ణుంచి కదల్లేదు. రైమో వెనక ఎవ్వరూ లేరు, నా రెండు కళ్ళతో చూశాను. అతని చొక్కా మాత్రం... రెండు భుజాల మధ్య, అరచేతి మేర లోపలికి అణిగింది.