ఉత్తరం దిక్కు అడవి

"వీట్ల అన్నిట్లకన్న మంచి రోల్ ప్లేయింగ్ గేమ్ ఏది?"

గద్వాల బస్టాండు వెనక మహబూబ్ వీడియోగేముల షాపులో ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. వచ్చే పిల్లలందరికీ క్రికెట్టు, కుస్తీ, కార్లు కావాలి. కౌంటర్ దగ్గర కూర్చున్న రుక్సార్ తలెత్తింది. ఎదురుగా తన ఈడు పిల్లగాడొకడు నిలబడ్డాడు. తండ్రి మహబూబ్ మధ్యాహ్నం నమాజుకు వెళ్తే కాసేపు షాపు ఆమెదే.

"ఏది మంచిదైతే నీకేంది? అన్నీ ఇంగ్లీషు కథలు. చదువుకుంట ఆడాలె."

"నువ్వు చదివి చెప్పు."

"ఓహో, నౌకరును పెట్టుకున్నవా?"

అలా అంటూనే పాత ప్లేస్టేషన్‌లో సీడీ పెట్టింది. హీరోకు పేరు పెట్టమని గేమ్ అడిగింది.

"నీ పేరేంది?"

"దశరథం."

రుక్సార్‌కు నవ్వాగలేదు. "గింత పొడుగు పేరు ఇందుల పట్టదు. దశు అని పెడుతున్న."

"మా అవ్వ గూడ గట్ల పిలువలే," అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి.

అతని ఊరు ధరూర్. ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. అతను ఆడేవాడు, ఆమె చదివేది. తెర మీది రాజకుమారి అచ్చం గద్వాల మాటల్లో ఏడ్చేది: "జర ఆగు, నన్నిడిసి పోకు." రేకుల మీద వాన మోగితే మాట వినపడక ఇద్దరూ బెంచీ మీద కాస్త దగ్గరికి జరిగేవారు.

ఒకరోజు దశరథం అన్నాడు: "పండుగైనంక మా అమ్మనాయినతోని పుణె పోత. బిల్డింగ్ పని. అంతల గీ గేమ్ ఒడవాలె."

గేమ్ అయిపోతే ఇక ఇతను రాడు కదా, అనుకుంది రుక్సార్. ఆ రోజు తెర మీద ఒక ముసలాయన, ఆట ముగిసే కోట దక్షిణాన ఉందని చెప్పాడు.

"ఉత్తరం దిక్కు అడవికి పొమ్మంటుండు," అని చదివింది రుక్సార్.

దశరథం మారుమాట లేకుండా అడవిలోకి నడిచాడు. మర్నాడూ అంతే. ఆమె రోజుకో కొత్త అబద్ధం చెప్పేది. ఇంటికెళ్లి అన్నం సహించక పడుకునేది.

పండుగ వెళ్లిపోయింది. బయట ముసురు. దశరథం భుజాన సంచితో వచ్చి నిలబడ్డాడు.

"సాయంత్రం బండికి పోతున్నం."

"గేమ్ ఒడవలే గద," అంది. "నేనే తప్పు చదివిన. ఆ ముసలాయన దక్షిణం అన్నడు."

"నాకెరుకే."

"ఏమెరుక?"

"రాయచూర్ల మా మామింట్ల గీ గేమ్ మొత్తం ఆడిన. కోట యాడుందో తెలుసు."

"మరి గన్ని దినాలు అడవిల ఎందుకు తిరిగినవ్, పిచ్చోడా?"

"నువ్వు పొమ్మంటివి గద."

రుక్సార్‌కు నవ్వు రాలేదు. "ఆఖరికి ఏమైతది?"

"రాజకుమారి ఒక్కతే ఉంటది. హీరో తిరిగి రాడు."

"నువ్వు?"

"వచ్చే యేడు వానలు పడితే వస్తం, విత్తనాలకు."

"అప్పటికి షాపుండదు. కంప్యూటర్లు వచ్చినంక ఎవరొస్తలేరని మా అబ్బా అమ్మేస్తుండు."

"నేను షాపు కోసం వచ్చిననా?" అన్నాడు దశరథం మెల్లగా.

ఆమె జవాబు చెప్పేలోపే మహబూబ్ గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చాడు. దశరథం ఆయనకు సలాం చేసి ముసురులోకి దిగాడు. వెనక్కి చూడలేదు.

"ఆ పిల్లగాని గేమ్ ఒడిసిందా బేటీ?"

"లేదు అబ్బా. మళ్ల వస్తడు."

"షాపే ఉండకపాయె. ఇంక ఏం ఆడనీకె వస్తడు?"

"అయినా వస్తడు," అంది రుక్సార్, తండ్రి కళ్లలోకే చూస్తూ.