బొరియలో ముతక గొంతు

ఆ దీవికి పడమటి కొసన ఒక ఇసుక గుట్ట ఉంది. దాని మీద, దీపస్తంభం కాపలావాళ్లు ఎప్పుడో వదిలేసి పోయిన ఇల్లు. కప్పు కూలింది, తలుపులు ఎవరో పట్టుకుపోయారు. తుపానుకు కూడా జడవని పడవవాళ్లు ఆ గుట్ట పక్కన మాత్రం లంగరు వేయరు. చీకటి పడ్డాక అక్కడ నేల ఏడుస్తుందట.

గోడల్లోంచి కాదు, చెట్ల మీంచి కాదు... ఇసుక కిందనుంచి. చంటిపిల్లల ఏడుపు, ఆడవాళ్ల శోకాలు, మధ్యమధ్య ఎవరో గొంతు నులుముతున్నట్టు మూలుగు.

నిజం చెప్పాలంటే అవి పక్షులు. పగలంతా సముద్రం మీద తిరిగి చీకట్లో గూడు చేరే జాతి. చెట్టెక్కవు. ఇసుకలో మోచెయ్యి పొడుగున బొరియ తవ్వుకుని, అందులో ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడతాయి. వాటి కోసమే ఆ దీవిని అభయారణ్యం చేశారు, వాటి కోసమే ఇద్దరు కాపలాదారుల్ని పెట్టారు. పెద్దవాడు బావ. చిన్నవాడు అతని బావమరిది. వాణ్ని అందరూ మొండి అని పిలిచేవాళ్లు.

పేరుకే మొండి. మనిషిది మేకపోతు గాంభీర్యం. పగలు ఎలుకల బోన్లు సర్దుతూ దెయ్యాలను నోటికొచ్చినట్టు తిట్టేవాడు, రాత్రి బయటికి వెళ్లాలంటే బావను నిద్రలేపేవాడు. తాడును చూసి పామనుకునే రకం అని బావ ఏడిపించేవాడు గానీ, ఎప్పుడు లేపినా లేచి తోడు వెళ్లేవాడు.

వాడి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పక్షుల లెక్క వెన్నెల లేని రాత్రుల్లోనే తీయాలి, వెన్నెలుంటే అవి నోరు విప్పవు. పడమటి గుట్ట మీద లెక్క తీయమంటే మొండి అప్పటికి రెండుసార్లు సగంలోనే పారిపోయి వచ్చాడు. ఇంకోసారి అలా చేస్తే ఇంటికే పొమ్మన్నాడు రేంజరు. అక్క బతిమాలితే బావ పూచీపడి ఇప్పించిన ఉద్యోగం అది. పోగొట్టుకుంటే ఆ ఇద్దరి ముఖాలూ చూడలేడు.

లెక్క ఎలా తీయాలో నేర్పింది కూడా బావే. బొరియ మూతి దగ్గర బోర్లా పడుకుని, చిన్న పెట్టెలోంచి పక్షి కూత వినిపించాలి. లోపల పక్షి ఉంటే బదులు పలుకుతుంది. సన్నని గొంతయితే మగది.

"ముతక గొంతు వచ్చిందంటే ఆడది, గుడ్డు మీద ఉన్నట్టు," అనేవాడు బావ. "లోపలికి లైటు వేయకు, చెయ్యి పెట్టకు. బెదిరితే గుడ్డు వదిలేసి పోతుంది. పక్కన ఎర్ర జెండా పాతి నీ దారిన నువ్వు వచ్చెయ్. మళ్లీ ఆ దరిదాపులకు పోవద్దు."

ఆ రోజు ఇంటి దగ్గర బావ కూతురికి జ్వరమని కబురొచ్చింది. సాయంత్రం పడవకు బావ ఇంటికి బయల్దేరాలి. మొండి తూర్పు ఒడ్డున బోన్లు చూసుకుని వచ్చేసరికి గది ఖాళీగా ఉంది, బావ సంచి లేదు, పడవ దూరంగా వెళ్లిపోతోంది. వెళ్లిపోయాడనుకున్నాడు.

పొద్దుటి పడవకి రేంజరు వస్తాడు. ఆలోగా గుట్ట మీద లెక్క పూర్తి కావాలి. ఒంటరిగా...

చీకటి చిక్కబడ్డాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయల్దేరాడు. గాలి లేదు. దారి కోసం చేతిలో ఎర్ర కాగితం అంటించిన లైటు. ఇల్లు దగ్గరయ్యేకొద్దీ ఏడుపులు మొదలయ్యాయి — ముందు ఒకటి, తర్వాత పది, ఆ తర్వాత కాళ్ల కింద నేలంతా. పక్షులు, పక్షులు... అని గొణుక్కుంటూ ఒక్కో బొరియ దగ్గరా పడుకుని, పెట్టె నొక్కి, చెవి ఒగ్గాడు.

అలా ఇంటి వెనక గోడ దాకా వచ్చాడు. అక్కడో బొరియ — మునుపు లేనిది. మూతి చుట్టూ తాజాగా కదిలిన ఇసుక. తాజా ఇసుక ఉంటే లోపల పక్షి ఉన్నట్టే. అదీ బావ చెప్పిన పాఠమే.

పెట్టె నొక్కాడు.

బదులు వచ్చింది. ముతకగా, బొంగురుగా... బాగా లోతునుంచి.

మొండి లేచి పరుగెత్తబోయాడు. అక్క గుర్తొచ్చి ఆగాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ పలికింది, ఈసారి ఇంకా గట్టిగా, పొడుగ్గా. ఇంకోసారి నొక్కితే పెట్టెలో కూత పూర్తికాకముందే అందుకుంది.

వాడికి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ తనను పరుగులు పెట్టించిన దెయ్యం ఇదన్నమాట, గుడ్డు మీద కూర్చున్న ఆడపక్షి.

"అరవకే తల్లీ... పోతున్నాలే," అన్నాడు గుసగుసగా.

జెండా కర్రను బొరియ పక్కన ఇసుకలోకి బలంగా దించాడు. కర్ర దిగుతుంటే లోపలి గొంతు ఒక్కసారిగా మారింది. ఆగకుండా మూలగసాగింది. బెదురుతోంది పాపం అనుకుని, నేర్చుకున్న పాఠం ప్రకారం, చప్పుడు చేయకుండా లేచాడు.

కొన్ని అడుగులు వేసి, చేసిన పనిని ఇంకోసారి చూసుకుందామని గర్వంగా వెనక్కి తిరిగాడు.

జెండా ఊగుతోంది.

గాలి లేదు. గడ్డిపోచ కదలడం లేదు. జెండా ఒక్కటే అటూ ఇటూ... కర్రను ఎవరో కిందనుంచి పట్టుకుని లాగుతున్నట్టు. ఆగింది. మళ్లీ ఊగింది.

ఇక పాఠాలేవీ గుర్తులేవు. పడుతూ లేస్తూ గదికి చేరి, గడియ పెట్టి, దుప్పటి ముసుగేసి చెవులు మూసుకున్నాడు. అయినా ఆ ముతక గొంతు గుట్ట మీంచి వినిపిస్తూనే ఉంది. తెల్లవారుతుండగా ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని కాసేపు నిద్రపోయాడు.

పొద్దున్న పడవ వచ్చింది. మీ బావ నిన్న ఎక్కలేదేం, చూసి చూసి పడవ తీసేశాం అన్నాడు పడవ నడిపేవాడు దిగుతూనే.

మొండికి ఆ మాట బుర్రకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక, రేంజరు కన్నా ముందు వాడే గుట్ట మీదికి పరుగెత్తాడు. చేతులతోనే తవ్వాడు.

ఇంటి వెనక పాత నీళ్లతొట్టి ఒకటి ఇసుకలో కూరుకుపోయి ఉందని ఎవరికీ తెలియదు. తుప్పుపట్టిన మూత బావ కాళ్ల కింద విరిగింది. పడ్డవాడి మీద ఇసుక జారి గుండెలదాకా పూడ్చేసింది. దవడ విరిగి మాట రాలేదు. పైన పక్షి బొరియంత కన్నం మిగిలింది. అతనితోపాటే తొట్టిలో అతని సంచీ, కొన్ని చెక్కపలకలూ దొరికాయి. చీకట్లో మొండి కాలు జారకుండా, పడవ ఎక్కేముందు గుట్ట మీద దారి పరిచి పోదామనుకున్నాడు కాబోలు.

జెండా కర్ర మొన తొట్టిలోకి దిగి ఉంది. బావ వేళ్లు దాన్ని పట్టుకుని బిగుసుకుపోయాయి. విడదీయడం కష్టమైంది.

తెల్లవారేదాకా ప్రాణం ఉందన్నాడు డాక్టరు. పైన బోర్లా పడుకున్నది ఎవరో, ఆ జెండా పాతడమంటే ఏమిటో లోపల ఉన్నవాడికి బాగా తెలుసు.

గుట్ట లెక్క పూర్తి చేశాడు గనక మొండికి ఉద్యోగం ఖాయమైంది. పైగా బావ స్థానం ఖాళీగా ఉంది. జెండా సంగతి రేవులో అందరికీ తెలుసు, అక్కకు తప్ప. ఆవిడకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొన్నాళ్లకు ఆవిడే తమ్ముణ్ని అడిగింది.

"ఆ రాత్రి మీ బావ నిన్ను పిలవలేదా, తమ్ముడూ?"

"లేదక్కా."



"నువ్వక్కడ ఉన్నావని తెలిసుంటే పిలిచేవాడే. తెలియలేదు పాపం."

"తెలియలేదక్కా," అన్నాడు మొండి.

ఆ మాటతో ఆవిడ కాస్త కుదుటపడింది. కళ్లు తుడుచుకుని, లేచి, తమ్ముడికి అన్నం వడ్డించింది.