పన్నెండో చెయ్యి

శుక్రవారం ఉదయం ఆరున్నర. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టులో, మెడలో కండువా వేసుకున్న లారీ బ్రోకరొకడు వచ్చి హెన్రీ పక్కన కూర్చున్నాడు.

"మర్రిపాడు లోడు వచ్చినాదా?"

"రాలా. టైరు పేలి బద్వేలు రోడ్డులో ఉండాది."

కోడ్ సరిపోయింది. బ్రోకరు పేరు జనార్దనయ్య, సీక్రెట్ సర్వీస్ సదరన్ డెస్క్ చీఫ్. హెన్రీ ఆయన కింద పనిచేసే ఫీల్డ్ ఏజెంట్, సొంతూరు కొండాపురం. చీఫ్ తన ఫోన్లో ఒక ఫొటో చూపించి, గొంతు తగ్గించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

నామ్ గి-థేక్, అరవై ఒక్క ఏళ్ళు, దక్షిణ కొరియా రాజకీయ నాయకుడు. కాలేజీ రోజుల్లో నియంతకు ఎదురుతిరిగి ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. ఆ ఎనిమిది నెలల పేరు చెప్పుకుని నలభై ఏళ్ళు బతికాడు. ఐదు పార్టీలు మారాడు, మూడుసార్లు మంత్రి అయ్యాడు. ఊసరవెల్లి కూడా ఈయన దగ్గర ట్యూషన్‌కి రావాల్సిందే. కిందటి చలికాలం వాళ్ళ ప్రెసిడెంటు ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు ఈయన కేబినెట్‌లోనే ఉన్నాడు. వీధుల్లోకి వచ్చిన జనం మీద కాల్పులకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే పన్నెండు చేతులు లేచాయి. సైనికులు కాల్చేది లేదని మొండికేశారు కాబట్టి సరిపోయింది. వారం తిరిగేసరికి ప్రెసిడెంటు జైల్లో ఉన్నాడు. నామ్ మాత్రం టీవీలో ప్రజాస్వామ్యం కోసం కన్నీళ్ళు కారుస్తున్నాడు.

"ఇట్లాంటోణ్ణి మనం కాపాడాల్నా సార్?" అన్నాడు హెన్రీ.

"మనిషిని కాదు, నోటిని కాపాడాల. ఆ చేతులు ఎవురెవురివో చెప్తానన్నోడు ఈయనొక్కడే. పదకొండున్నరకి సియోల్ కమిషన్ ముందు శాటిలైట్ లింకులో సాక్ష్యం. అందాకా ఊపిరి ఉంటే చాలు."

ఊపిరి తీయడానికి తిరుగుతున్నది నార్త్ గేట్, పాత ప్రెసిడెంటు మనుషుల ముఠా. చెన్నైలో నామ్‌ని దాచిన ఇంటిని రెండే రోజుల్లో కనిపెట్టి, మన గార్డు ఒకణ్ణి చంపేశారు. అంటే మనవాళ్ళలోనే ఎవరో అమ్ముడుపోయారు. అందుకే నామ్‌కి పాస్టర్ వేషం వేసి ఉదయగిరి బాప్టిస్టు చర్చి గెస్ట్ రూముకి మార్చారు. వెంట ఉన్నది ఇంటర్‌ప్రెటర్ ఏంజెలిన్ ఒక్కతే. హైదరాబాదులో పుట్టి సియోల్‌లో చదువుకున్న అందగత్తె, డిపార్ట్‌మెంటుకి నమ్మినబంటు.

తొమ్మిదిన్నరకల్లా హెన్రీ చర్చిలో మైక్‌సెట్ వాడి వేషంలో ఉన్నాడు. అతనితో వచ్చిన గార్డు సంఘపెద్ద వేషంలో బయట నిలబడ్డాడు. ఆ రోజు కోతకాల పండగ. సీతారామపురం నుంచి కూడా జనం వచ్చారు. పండిన పంటలో మొదటిది దేవుడికివ్వడం వాళ్ళ ఆచారం. కంది, సజ్జ, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు అన్నీ పాస్టరు ప్రసంగించే పుల్పిట్ ముందు గుట్టగా చేరాయి. ఎవరు ఏది తెచ్చారో చూసి సర్దే పని ఆనందమ్మది, ఇరవై ఏళ్ళుగా.

హెన్రీ టెస్టర్‌లో దాచిన స్కానర్‌తో ఆ గుట్టంతా తడిమాడు. పచ్చ లైటు వెలిగింది. క్లియర్.

నామ్ నల్ల సూటులో వచ్చాడు. హెన్రీ వైపు చూడకుండానే కోటు విప్పి అతని చేతిమీద పడేసి, నీళ్ళ కోసం చిటికె వేశాడు. ఆ చిటికెతో హెన్రీకి ఒళ్ళు మండింది. చెన్నైలో చచ్చిపోయిన గార్డు అతని బ్యాచ్‌మేటు. నామ్ ఆ పేరు ఒక్కసారి కూడా అడగలేదని చీఫ్ చెప్పాడు.

పాస్టర్ వేషం నమ్మించాలి కాబట్టి సాక్ష్యానికి ముందు పది నిమిషాల ప్రసంగం అనుకున్నారు. కానీ మైకు దొరికిన నాయకుడు పది నిమిషాల్లో దిగడం ఏ దేశంలోనూ లేదు. నామ్ గుండె మీద చెయ్యేసుకుని తన జైలు కష్టాలు చెబుతుంటే, ఏంజెలిన్ దాన్ని తీయటి తెలుగులోకి మార్చింది. నల్ల సిల్కు బ్లేజరు, చేతిలో చిన్న పర్సు. పదకొండూ పదికి, గొంతు ఆరిపోతోంది అంటూ నీళ్ళ బాటిల్ తీసుకుని వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. నామ్ అనువాదం లేకుండానే సాగించాడు.

అప్పుడే ఆనందమ్మ వచ్చి హెన్రీ పక్కన గొంతుకూర్చుంది.

"అబ్బాయా, మైకులో ఒక మాట చెప్పు. ఆ గుట్టలో బూడిద గుమ్మడికాయ ఎవురో పెట్టినారు. గడపకి దిష్టి కట్టేదాన్ని మనోళ్ళు దేవుడి ముందర పెట్టరే. నేను చూడకుండానే వచ్చి ఉండాది. తీసుకోని పొమ్మను."

హెన్రీ గుట్ట వైపు చూశాడు. మంచి గుమ్మడికాయల మధ్య తెల్లగా పొడి రాలుతున్న కాయ ఒకటుంది. తొడిమె చుట్టూ సన్నటి కోత. అంత నీరున్న కాయ లోపల ప్లాస్టిక్ పేలుడు పదార్థం ఉంటే స్కానర్‌కి అందదు. సంతలో ఎప్పుడూ గుమ్మడికాయ కొనని వాళ్ళెవరో చేసిన పని.

ముట్టుకుంటే రిమోట్ నొక్కుతారు. జనాన్ని లేపినా నొక్కుతారు. లోపల రెండు వందల మంది ఉన్నారు. ముందు తెలియాల్సింది ఆ చెయ్యి ఎవరిది అనేది.

అతను నామ్ మైకు కట్ చేసి తన మైకు అందుకున్నాడు. నామ్ కోపంగా చూశాడు.

"అందరికీ వందనాలు. గుమ్మడికాయ దొంగ దొరికినాడు. ఈడనే ఉండాడు."

జనం నవ్వుతూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తలుపు దగ్గర ఏంజెలిన్ ఎడమచెయ్యి లేచి, నల్ల బ్లేజరు భుజాన్ని మెల్లగా దులిపింది. అక్కడ పొడేమీ లేదు. ఎప్పుడో తుడిచేసింది. అయినా చెయ్యి ఊరుకోలేదు. సియోల్‌లో ఎంత చదివినా తెలుగు చెయ్యి తెలుగు చెయ్యే.

హెన్రీ నాలుగు అంగల్లో చేరుకుని ఆమె కుడి మణికట్టు విరిచి పట్టుకున్నాడు. పర్సులోంచి రిమోట్ జారి కిందపడింది. ఆమె కళ్ళలో భయం లేదు, కసి ఉంది.

"ఆలస్యం చేశావు. టైమర్ కూడా ఉంది. ఇంకొక్క నిమిషం. వాడి కోసం చస్తావా?" అంది.

"వాడి కోసం కాదు."

బయట సంఘపెద్ద వేషంలో ఉన్న గార్డుకి ఆమెను అప్పగించి, హెన్రీ గుమ్మడికాయ భుజానికెత్తుకుని పరుగెత్తాడు. చర్చి వెనక నీళ్ళింకి పాడుబడ్డ దిగుడుబావి ఉంది. కాయను అందులోకి విసిరి నేలకు కరుచుకున్నాడు. మూడు లెక్కపెట్టేలోపు బావి రాళ్ళు ఆకాశానికి లేచాయి. చర్చి కిటికీ అద్దాలు పగిలాయి. మనుషులకు ఏమీ కాలేదు.

పదకొండున్నరకి నామ్ కోటు సర్దుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. బాంబును తానే పసిగట్టి జనాన్ని కాపాడానని మొదలుపెట్టాడట. లైవ్ వింటున్న జనార్దనయ్య ఫోన్ చేసి చెప్పాడు. మంత్రుల పేర్లు, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నదీ, అన్నీ చెప్పాడట. వాళ్ళ దేశంలో అరెస్టులు అప్పుడే మొదలయ్యాయి.

"పనైపోయినట్టే గదా సార్," అన్నాడు హెన్రీ.

"అయింది. పదకొండు పేర్లు చెప్పినాడు."

హెన్రీ ఫోన్ పెట్టేసి జీపు తీశాడు.

జీపు ఉదయగిరి దాటేసరికి నామ్ ఫోన్లో కొత్త పార్టీ ప్రకటన రాయిస్తున్నాడు. హెన్రీ అద్దంలో ఆయన్ని చూస్తూ, పన్నెండో చెయ్యి ఎవరిదని ఇంగ్లీషులో అడిగాడు. చచ్చిపోయిన గార్డు పేరు పెంచలప్రసాద్ అని కూడా చెప్పాడు. నామ్ చిరునవ్వు నవ్వి, ఫ్లైటు ఎన్నింటికని అడిగాడు.

హెన్రీ భుజం మీద ఇంకా తెల్లటి పొడి ఉంది. నామ్ మాత్రం భుజం తడుముకోలేదు. వాళ్ళ దేశంలో ఆ సామెత లేదు.