వంకర జడ

టీ నీళ్లు పొయ్యి మీద మరుగుతున్నాయి. చిన్నది వాటిని ఓ కంట కనిపెడుతూ రాత్రి గిన్నెలు తోముతోంది. తలుపు సందులోంచి ముందుగది కనిపిస్తోంది. అక్కడ అమ్మ, అక్కను పీట మీద కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. చిక్కు తీసి, పాపిడి పెట్టి, ఎక్కడా లాగకుండా దువ్వుతోంది. తనకు ఆఖరిసారి అమ్మ జడ వేసిందెప్పుడో చిన్నదానికి గుర్తు లేదు. "చేతులున్నాయిగా, వేసుకో" అన్నది మాత్రం బాగా గుర్తుంది.

అక్కకు జబ్బు. ఏం జబ్బో ఎవరికీ తెలియదు. బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు వేసే పని ఆమెది. ఒకరోజు గులాబీ వేస్తుంటే చెయ్యి చెప్పిన మాట వినలేదు. ఆ తర్వాత కుడికాలు మొద్దుబారసాగింది. ఒక్కోరోజు ఎదుటి వస్తువు రెండుగా కనిపిస్తుంది. ఇంకోరోజు ఏమీ లేనట్టే లేచి తిరుగుతుంది. ఇంతవరకు చేయించిన పరీక్షల్లో ఏమీ బయటపడలేదు. నరాల డాక్టరు పెద్ద స్కానింగు రాసి, పిలుపు వచ్చేదాకా ఆగమన్నాడు.

ఏమీ లేనట్టు తిరిగే ఆ రోజులే చిన్నదానికి అనుమానం పుట్టిస్తున్నాయి.

"చిన్నదానా! అక్క చెప్పు ఒకటి కనబడట్లేదు. నిన్న వీధిలో జారిపోయినట్టుంది, కాస్త చూసిరా" అని కేకేసింది అమ్మ.

"మహారాణిగారి చెప్పులకు కాపలా కూడా నేనేనా? కాలి చెప్పు ఊడితే తెలియని మనుషులుంటారా?"

"నిజంగా తెలియలేదే పిడుగూ" అంది అక్క. చెల్లెలికి చిన్నప్పుడు తను పెట్టిన పేరది. "ఇంటికొచ్చి చూసుకుంటే ఒంటికాలి చెప్పుతో ఉన్నా."

"అన్నట్టు, ఆ ట్రైనింగుకి రావట్లేదని మీ కొట్లో చెప్పెయ్యి" అంది అమ్మ. "స్కానింగుకి ఎప్పుడు పిలుస్తారో ఏమో. నేనొక్కదాన్నే దీన్ని పట్టుకుని తిరగలేను."

చిన్నదాని చేతిలోంచి గిన్నె దభీమని పడింది. ఆమె పని కళ్లద్దాల కొట్లో బిల్లులు రాయడం. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మిషను దగ్గర కూర్చోవాలంటే పక్క ఊళ్లో నెల రోజుల శిక్షణ తప్పదు. ఎన్నాళ్లో కాచుకున్నాక యజమాని ఈసారి ఆమెను వెళ్లమన్నాడు.

"నేను వెళతాను."

"అక్క పరిస్థితి చూస్తూ ఎలా అంటున్నావే ఆ మాట?"

"ఏ పరిస్థితి? అన్నీ బాగున్నాయని రిపోర్టులే చెబుతుంటే! మొన్న డాబా ఎక్కి బట్టలు తేలేదూ? పనున్న రోజున కాలు పడిపోతుంది, నువ్వు పక్కనుంటే చూపు రెండవుతుంది. ఆ జబ్బేదో నాకూ వస్తే బాగుండు. ఈ ఇంట్లో నన్నూ ఓ మనిషిలా చూస్తారు!"

"నోర్ముయ్!"

"దాన్ని వెళ్లనీ అమ్మా" అంది అక్క మెల్లగా. "నేనెలాగో సర్దుకుంటా."

అగ్గి మీద గుగ్గిలం పడ్డట్టయింది. "నీ సిఫారసు నాకక్కర్లేదు. మంచిదానివన్న పేరు కూడా నీకే కావాలా? నటించింది చాల్లే!"

అమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. పెద్ద కూతురి జడకు చివర రబ్బరు చుట్టి, చెప్పు వెతకడానికి తనే వీధిలోకి వెళ్లింది. అక్క గోడ పట్టుకుని గదిలోకి పోయింది.

టీ పొంగి పొయ్యి ఆరింది. చిన్నది గ్యాసు కట్టేసి, ఇంకో నాలుగు మాటలు అనేద్దామని గదిలోకి నడిచింది. అక్క కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి కిందనుంచి రెండు అరికాళ్లూ బయటికి కనిపిస్తున్నాయి.

ఆ అరికాళ్లంటే ఇంట్లో ఒకప్పుడు పెద్ద తమాషా. అక్కకు చెప్పలేనంత చక్కిలిగింత. వేలు ఆనిస్తే చాలు, కెవ్వుమని కాళ్లు ఝాడించేది. ఓసారి ఆ తన్నుకు చిన్నదాని పాలపన్ను ఊడింది. గాఢనిద్రలో ఉన్నా సరే, ఒక్క క్షణం కూడా ఓర్చుకోగలిగేది కాదు.

'ఇప్పుడు తెలుస్తుంది నీ నాటకం' అనుకుంది చిన్నది. అడుగుల చప్పుడు కాకుండా వెళ్లి, కుడి అరికాలి మీద వేలితో మెల్లగా రాసింది.

కాలు కదల్లేదు.

గోటితో గీసింది. మడమ నుంచి బొటనవేలిదాకా గీరింది. తలలోంచి పిన్ను తీసి, దాని మొండి కొసతో నొక్కింది. ఒక్క వేలు కూడా ముడుచుకోలేదు. అక్క ఊపిరి తీరు కూడా మారలేదు. తడబడి వెనక్కి జరగబోయేసరికి చిన్నదాని మోకాలు మంచానికి తగిలింది.

"ఎవరూ? పిడుగూ, నువ్వా?" అంది అక్క, గుడ్డ తీయకుండానే. "మంచం కదిలాకే తెలిసింది. ఎంతసేపైంది వచ్చి?"

చిన్నదాని చేతిలోంచి పిన్ను కింద పడింది. రెండు చేతులతో మొహం కప్పుకుని, మంచం కోడు పక్కనే కూలబడింది. ఆ ఏడుపు విని అక్క గుడ్డ తీసింది. పిన్నును చూసింది. దుప్పటి తొలగిన తన కాలిని చూసింది. అంతా అర్థమైంది. గట్టిగా నవ్వేసింది.

"అబ్బబ్బ, ఆపవే! చక్కిలిగింత! చస్తున్నానే తల్లీ!"

చిన్నది తలెత్తింది. తన చేతులు రెండూ ఇంకా తన మొహం మీదే ఉన్నాయి.

"నటించడం నీకు చేతకాదే అక్కా" అంది వెక్కుతూ. ఆ కాలిని ఒళ్లోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది. "ఎప్పట్నుంచి ఇలా ఉంది? మరీ ఇంతని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మాత్రం మీరేం చేస్తారు? మీకూ నిద్ర పట్టదు." అక్క తడిగుడ్డను మడిచి పక్కన పెట్టింది. "భయంగా ఉందే. ఏమిటో తెలిస్తే ఇంత భయం ఉండదేమో."

"స్కానింగుకి నేను తీసుకెళతా. ట్రైనింగుకి తర్వాతి బ్యాచీలో పంపమని అడుగుతా. కుదరదంటే అప్పుడు చూద్దాం."

అక్క కళ్లు తుడుచుకుంది. "కొట్టుకి టైమవుతోంది, ఆ జుట్టేమిటే పిచ్చిదానిలా! ఇటు తిరుగు."

మాట వినని వేళ్లతో అక్క జడ అల్లింది. పాయలు జారాయి, మళ్లీ పట్టుకుంది. ఒక పాయ లావు, ఒకటి సన్నం, జడంతా ఎడమపక్కకు తిరిగిపోయింది. చిన్నది కదలకుండా కూర్చుంది.

దుమ్ము కొట్టుకున్న చెప్పుతో అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చిన కళ్లతో ఉన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఆ జడేంటే చిన్నదానా, వంకరటింకరగా! రా, విప్పి నేను వేస్తా" అంటూ దువ్వెన అందుకుంది.

ఆ పిలుపు కోసం చిన్నది ఎన్ని పొద్దులు కాచుకుందో! జడను ముందుకు వేసుకుని గుప్పిట్లో పట్టుకుంది.

"వద్దమ్మా" అంది. "ఇదే బాగుంది."